సియోల్‌లో ఒక్కరోజు: మ్యోంగ్‌డాంగా, గ్వాంగ్‌జాంగా?

ఎక్స్ఛేంజ్ చదువుకెళ్లి, కొరియా స్నేహితురాలితో తిరగడానికి ఒక్క సెలవే దొరికితే ఎటు వెళ్లాలి: షాపింగ్ వీధులుండే మ్యోంగ్‌డాంగ్‌కా, పాత బజారు గ్వాంగ్‌జాంగ్‌కా?

కొనడానికి: మ్యోంగ్‌డాంగ్‌లో క్రీములు, ఫేస్ మాస్కులు, పాస్‌పోర్టు మరవకండి, 6 నెలల లోపు ఉండేవాళ్లకు పన్ను వాపసు ఉంటుంది. గ్వాంగ్‌జాంగ్‌లో పట్టు, హాన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు), పై అంతస్తులో పాత బట్టలు.

ఖర్చు: మ్యోంగ్‌డాంగ్ తిండి బండ్ల దగ్గర నాలుగు ముక్కలకే పర్సు ఖాళీ.

తిండి: 1905లో మొదలైన గ్వాంగ్‌జాంగ్‌దే పైచేయి. పెసరపప్పు రుబ్బి నూనెలో కాల్చే బిందేత్తొక్ మన పెసరట్టుకు దూరపు చుట్టమే! కాకపోతే అందులో పందిమాంసం కూడా కలుపుతుంటారు. శాకాహారులు ముందే అడిగించుకోవాలి.

ఒంటరిగా, సాయంత్రం పూటైతే మ్యోంగ్‌డాంగ్. పక్కన కొరియన్ మాట్లాడే మనిషుంటే గ్వాంగ్‌జాంగ్. ఆదివారం మాత్రం వద్దు, బట్టల కొట్లు చాలావరకు మూసేస్తారు.