83వ కీర్తన చేతబట్టుకొని యొర్దాను నుండి యెజ్రెయేలు లోయ దాకా

తెలుగు రాష్ట్రాల నుండి బయలుదేరే పరిశుద్ధ భూమి యాత్రలలో యొర్దాను (జోర్డాన్) దేశాన్ని చాలామంది దారిలో తగిలే మజిలీగానే లెక్కిస్తారు. ఆసాపు కీర్తనలలో చివరిదైన 83వ కీర్తనను చదువుకొని వెళ్లినవారికి మాత్రం ఆ భాగమే ముఖ్యమనిపిస్తుంది. దేవుని నివాసస్థలాలను ఆక్రమించుకుందామని ఏకమైన పది జనాంగాల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. వాటిలో ఎదోము, మోయాబు, అమ్మోను నేటి యొర్దాను పరిధిలోనివే.

అమ్మోనీయుల రబ్బా పట్టణం అమ్మాను కోట కొండమీద ఉండేది. అయితే అక్కడ కంటికి ఆనేవి రోమా స్తంభాలు, ఉమయ్యదులనే తొలి ముస్లిం రాజవంశపు కట్టడాలే గనుక ఒక పూట చాలు. బసకు అమ్మాను కంటె మాదబా మేలు. ఊరు చిన్నది, విమానాశ్రయానికి దగ్గర, ఆరవ శతాబ్దపు పరిశుద్ధ భూమి మొజాయిక్ పటం ఉన్న సెయింట్ జార్జి ఆలయానికి నడిచే వెళ్లవచ్చు.

మాదబా నుండి దక్షిణంగా పోయే పాత రాజమార్గంలో మోయాబీయుల పట్టణమైన దిబోను శిథిలాల దిబ్బ వస్తుంది. సమయం కలిసివస్తుందని యాత్రా బస్సులు ఎడారి రహదారిన పోతాయి గనుక, ఈ దారి కావాలని బయలుదేరకముందే నిర్వాహకులతో మాట్లాడుకోవాలి. దిబ్బమీద చూడదగినది పెద్దగా లేదు. 1868లో ఇక్కడ బయటపడి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మోయాబు రాజు మేషా శాసనాన్ని ముందే చదివి ఉంటేనే ఆగడంలో అర్థముంటుంది. మోయాబీయుల దేవుడైన కెమోషు తన దేశంమీద కోపించినందున ఇశ్రాయేలు రాజైన ఒమ్రీ మోయాబును బహుకాలం బాధించాడనీ, ఆ నేలను తిరిగి తనకిచ్చినది కెమోషేననీ మేషా రాజు అందులో చెప్పుకున్నాడు. కీర్తనలో శత్రువుగా నిలిచిన మోయాబు తన శాసనంలో తానే బాధితుడు. నేల పోయిన దుఃఖాన్నీ, దేవుని కోపాన్నీ ముడివేసే తీరు ఇరువైపులా ఒక్కటే. మోయాబు, అమ్మోను అబ్రాహాము సహోదరుని కుమారుడైన లోతు సంతానమని కీర్తన కూడా గుర్తు చేస్తుంది గనుక ఇది ఒక విధంగా జ్ఞాతుల పోరు. మా మార్గదర్శి ఈ ఊసే ఎత్తలేదు.

ఎదోము ప్రాంతంలోని పెట్రా గురించి అందరూ రాశారు. ఒక్క మాట: దాని ద్వారం పక్కనున్న వాది మూసా ఊరిలో కొండపైని హోటళ్లు చవకే అయినా, నడిచి అలసిన సాయంత్రం ఆ ఎక్కుడు భారమవుతుంది గనుక ద్వారం దగ్గరి బసే మంచిది. సొంతంగా వెళ్లేవారు కనీసం మూడు రాత్రులు ఉండేటట్లయితే, ముందే కొనవలసిన జోర్డాన్ పాస్‌తో వీసా రుసుమూ పెట్రా ప్రవేశమూ కలిసివస్తాయి.

సరిహద్దు దాటాక గలిలయలో నజరేతు కన్యాస్త్రీల అతిథిగృహంలో దిగాము. గదులు నిరాడంబరంగా, శుభ్రంగా ఉన్నాయి. రాత్రి గేటు త్వరగా మూసివేస్తారు. బారాకు చేతిలో ఓడిన కనాను సేనాధిపతి సీసెరాకూ, గిద్యోను చేతిలో ఓడిన మిద్యానీయులకూ చేసినట్లే ఈ శత్రువులకూ చేయుమని కీర్తన వేడుకునే స్థలాలు ఇక్కడికి దగ్గరే. బారాకు సైన్యం దిగివచ్చిన తాబోరు కొండ మలుపులలో పెద్ద బస్సులు తిరగలేవు, టాక్సీలు ఎక్కాలి. ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందని చెప్పిన మా నిర్వాహకులు కొండ కింద విడిగా వసూలు చేశారు. పైన 1924లో పూర్తయిన రూపాంతర ఆలయం కంటె, దాని ముంగిలి నుండి యెజ్రెయేలు లోయ మొత్తంగా కనిపించడమే నాకు నచ్చింది. సీసెరా 900 ఇనుప రథాలకు కీషోను వాగు ఎలా ఉచ్చు అయిందో ఆ చదును నేలను చూస్తేనే అర్థమవుతుంది. వాన పడితే అదంతా బురదే. గిల్బోవ కొండ అడుగున ఉన్న హరోదు ఊట దగ్గర, గిద్యోను మూడువందలమందిని ఏరుకున్న చోట, నీడా నీళ్లూ ఉన్నాయి. చాలా ప్యాకేజీలలో లేని ఈ చోటును అడిగి చేర్పించుకోవచ్చు.

కీర్తనలోని పది పేర్లలో ఒకటైన తూరు మాత్రం ఈ దారిలో కుదరదు. అది లెబనోనులో ఉంది, ఆ సరిహద్దు ప్రయాణికులకు మూసివుంది, ఇశ్రాయేలుకు వెళ్లిన ఆధారం కనిపిస్తే లెబనోను ప్రవేశం నిరాకరిస్తుంది. భద్రతా పరిస్థితులు అనుకూలించిన కాలంలో తూరు చూడదలచినవారు దానినే ముందు ముగించుకోవాలి.