దుమ్ము తుడిచే ఫిల్మ్ స్కానర్: చాలాకాలం వాడాక

స్లయిడ్లు, నెగటివ్‌ల కోసం స్కానర్ కొనేటప్పుడు డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో చెప్పే అంకె) సంగతి తర్వాత, ముందు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్మును పట్టే సదుపాయం ఉందో లేదో చూడండి. నా ఫిల్మ్ స్కానర్‌ను ఇన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నది దానికోసమే.

నాన్న తీసిన కలర్ స్లయిడ్లకు పట్టిన దుమ్ము బ్లోయర్‌తో ఎంత ఊదినా వదల్లేదు. ఇక గీతల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ స్కానర్ మామూలు స్కాన్‌తో పాటు ఇన్‌ఫ్రారెడ్‌లోనూ ఒకసారి చదువుతుంది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు ఆ కాంతిని దాదాపుగా ఆపవు, దుమ్మూ గీతలూ ఆపుతాయి. అలా మచ్చ ఎక్కడుందో కనిపెట్టి, చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. ఆకాశం నిండా ఉన్న నల్లచుక్కలు పోయి శుభ్రమైన నీలం కనబడ్డప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. అవన్నీ చేత్తో తుడవాలంటే ఒక్క ఫ్రేమ్‌కే సాయంత్రం గడిచిపోయేది.

అమ్మమ్మ బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ల దగ్గరే వచ్చింది చిక్కు. కనురెప్పలు అలికేసినట్టు వచ్చాయి, జుట్టు పాయలు ముద్దగా కలిసిపోయాయి. ఆ ఫిల్మ్‌లో బొమ్మ ఏర్పడేదే వెండితో, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది. దాంతో స్కానర్ ముఖాన్నే దుమ్ము అనుకుంది. ఫిల్మ్ రకం బ్లాక్ అండ్ వైట్ అని ఎంచుకున్నా సాఫ్ట్‌వేర్ ఆ దుమ్ము తుడిచే ఆప్షన్‌ను ఆపలేదు, హెచ్చరించనూ లేదు. తయారుచేసినవాళ్లకు తెలియని విషయమా ఇది? ఆ కోపం నాకు ఇంకా ఉంది. కలర్ నెగటివ్‌ల లాగే సీ-41 అనే రసాయన పద్ధతిలో కడిగే ఎక్స్‌పీ2 లాంటి బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములకు మాత్రం ఈ బెడద లేదు. 2009లో తయారీ ఆగిపోయిన కోడాక్ కలర్ స్లయిడ్ ఫిల్మ్ కోడాక్రోమ్‌ను నమ్మలేం. కొన్ని స్లయిడ్లు చక్కగా వస్తాయి, కొన్నిటిలో ముదురు రంగుల అంచులు చెదిరిపోతాయి.

ఆకాశం శుభ్రపడిన మాట నిజమే గానీ, అదే స్లయిడ్‌ను పెద్దది చేసి చూస్తే సన్నని కొమ్మల దగ్గర పదును కాస్త తగ్గింది. అందుకని ఇప్పుడు దుమ్ము తుడిచే ఆప్షన్‌ను తక్కువ స్థాయిలోనే పెడుతున్నాను.

డీపీఐ అంటారా, 4000 దగ్గర 35 ఎంఎం ఫ్రేమ్‌కు సుమారు 2 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. నాకు అవి చాలు. పెట్టె మీద రాసిన పెద్ద అంకెకు తగ్గ వివరం ఫొటోలో కనబడలేదు.

నా దగ్గర ఎక్కువగా ఉన్నవి కలర్ స్లయిడ్లు, పైగా తొందర లేదు. ఒక్కో ఫ్రేమ్‌కు నిమిషాలు పట్టినా సర్దుకుంటాను కాబట్టి మళ్లీ కొనాల్సి వచ్చినా ఇలాంటిదే కొంటాను. మీ పెట్టెల్లో ఎక్కువ బ్లాక్ అండ్ వైట్ ఉంటే మాత్రం ఇన్‌ఫ్రారెడ్ కోసం అదనంగా ఖర్చు పెట్టకండి. మాక్రో లెన్స్ ఉన్న కెమెరా ఇంట్లో ఉంటే, నెగటివ్‌ను లైట్ ప్యానెల్ మీద పెట్టి ఫొటో తీసుకోవడమే మీకు త్వరగా అయ్యే పని.