ఉండవల్లి కట్ట పక్కన ఇల్లు: ఇన్నేళ్లు ఉన్నాక ఏమనిపిస్తోందంటే

విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటగానే ఎడమకు సీతానగరం, తాడేపల్లి వస్తాయి. కుడికి తిరిగి కరకట్ట వెంట వెళ్తే ఉండవల్లి, ఆ తర్వాత పెనుమాక. ఇటు ఇల్లు కొందామనుకునే చుట్టాలు, స్నేహితులు మమ్మల్ని మొదట అడిగేది ఒకటే: "కృష్ణకు వరదొస్తే మీకేం భయం లేదా?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అంతకంటే ముందు వీపు వెనక ఉన్న కొండవీటి వాగు గురించి అడగాలి, కాళ్ల కింద నేల గురించి అడగాలి. ఆ రెండూ ఎవరూ అడగరు. బ్రోకర్ అసలే చెప్పడు.

2016లో, కృష్ణా పుష్కరాల ఏడాది, ఇక్కడ అద్దెకు దిగాం. అమరావతి రాజధానిగా ఉంటుందో పోతుందో తెలియక రేట్లు పడిపోయిన 2020లో ఇదే చుట్టుపక్కల రీసేల్‌లో ఒక ఫ్లాట్ తీసుకున్నాం. అందుకే అద్దెకున్నవాళ్ల కష్టాలూ తెలుసు, సొంతిల్లు ఉన్నవాళ్ల కష్టాలూ తెలుసు.

ముందు వరద సంగతి. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు కూడా దాటిపోయింది. ఆ రెండు రోజులూ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గంటగంటకూ అంకెలే. 3.97 లక్షలు దాటితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఇక్కడ చిన్నపిల్లలకు కూడా ఈ రెండు అంకెలు నోటికొచ్చు. కట్ట మీదికెళ్లి చూస్తే లోపలివైపు అరటితోటలు ఆకుల దాకా మునిగి, ఎర్రటి నీళ్ల మీద తాటి మొద్దులు, గేదెల పాక కప్పులు కొట్టుకుపోతున్నాయి. కట్ట బయటవైపు ఉన్న మా వీధి మాత్రం పొడిగానే ఉంది.

అదే సమయంలో విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా పిన్ని వాళ్లు కింది ఇల్లు మునిగిపోయి మేడ మీద చిక్కుకుపోయారు. వాళ్లు కృష్ణకు ఎంతో దూరం. వాళ్లను ముంచింది బుడమేరు వాగు. అంత నది పక్కనున్న మేం బాగానే ఉన్నాం, నది కనిపించనైనా కనిపించని వాళ్లు మునిగారు. మా ఒడ్డున ఆ బుడమేరు లాంటిదే కొండవీటి వాగు. నీరుకొండ, కృష్ణాయపాలెం మీదుగా వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలవాలి. నదిలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లు దిగవు, వెనక్కి తన్ని పొలాల్లో పరుచుకుంటాయి. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టారు. అవి వచ్చాక చాలా నయం. అయినా పెనుమాక వైపు పల్లంలో స్థలం చూపిస్తుంటే ముందు వాగు ఎటు పోతుందో చూడండి. రోడ్డు కంటే స్థలం ఎంత కిందికుందో చూడండి. పక్క పొలంలో రైతు కనిపిస్తే, ఈ చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయని అడగండి. ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పనిలేదు.

ఇక నేల. ఇక్కడివి జరీబు భూములు. కొద్ది లోతులోనే నీళ్లు పడతాయి, అందుకే ఏడాదికి మూడు పంటలు పండుతాయి. రాజధాని భూసమీకరణలో (రైతుల భూమి తీసుకుని బదులుగా ప్లాట్లు ఇచ్చే పద్ధతి) కూడా జరీబుకు ఎకరానికి ఇళ్ల స్థలంగా 1,000 గజాలు, వాణిజ్య స్థలంగా 450 గజాలు ఇస్తామన్నారు, మెట్ట కంటే ఎక్కువ. రైతుకు బంగారం. సెల్లార్ తవ్విన బిల్డర్‌కు మాత్రం నరకం, ఆయన అమ్ముకుని వెళ్లిపోయాక మనకు నరకం. మా బిల్డింగ్‌లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సెల్లార్ గోడల్లోంచి చెమ్మ ఊరుతూనే ఉంటుంది. లిఫ్ట్ గొయ్యిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అక్కడొక చిన్న మోటారు పెట్టి, నీళ్లు ఒక మట్టానికి రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా ఫ్లోట్ స్విచ్ బిగించారు. కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైతే లిఫ్ట్ ఆపేయాలి, మెట్లెక్కాలి. బిల్డర్‌ని అడిగితే వాటర్‌ప్రూఫింగ్ చేయించానని బిల్లు చూపించాడు. గోడకు పూసిన పూత రెండో వానాకాలానికే పెచ్చులూడింది. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు హాల్లో టైల్స్, కిచెన్‌లో గ్రానైట్ తడిమి చూసి వెళ్లిపోతారు. వాచ్‌మన్‌కు చెప్పి లిఫ్ట్ గొయ్యి తలుపు తీయించి చూడాలి. అదీ సంక్రాంతికి కాదు, దసరా ముందు.

పచ్చదనం గురించి చెప్పకపోతే అన్యాయం. విజయవాడలో ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటే, ఇక్కడ చీకటి పడగానే గాలి తిరుగుతుంది. తెల్లవారకముందే మల్లెతోటల్లో పూలు కోయడం మొదలవుతుంది. ఆరింటికల్లా మూటలు ఆటోల్లో బ్యారేజీ దాటి మార్కెట్‌కు పోతాయి. కంద, పసుపు, అరటి, కూరగాయలు కట్ట దిగగానే కనిపిస్తాయి, దొండకాయలు చేలోంచే కొనుక్కోవచ్చు. జులైలో నది రంగు మారడం నాకు భలే ఇష్టం. పట్టిసీమ దగ్గర గోదావరి నుంచి ఎత్తిపోసిన నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కలిశాక, ఎగువన కృష్ణకు ఇంకా వరదే రాకపోయినా, బ్యారేజీ దగ్గర నీళ్లు ఎర్రబడతాయి. గోదావరి వచ్చిందని అప్పుడు అందరికీ తెలుస్తుంది.

అయితే ఈ పచ్చదనం పార్కు కాదు, ఎవరిదో పొలం. ఉండవల్లి, పెనుమాక రైతులు చాలామంది భూసమీకరణకు భూములివ్వలేదు కాబట్టే ఇంకా మిగిలింది. బాల్కనీలోంచి అరటితోట కనిపిస్తోందని గజానికి ఎక్కువ పెట్టేవాళ్లను చూస్తుంటే నవ్వొస్తుంది. రేపు ఆ రైతు కొడుకు లేఅవుట్ వేస్తే మీకు కనిపించేది పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల బాత్రూమ్ కిటికీ. పైగా పొలం పక్కన ఉన్నందుకు మందు కొట్టిన రోజు కిటికీలు మూసుకోవాలి, దోమలకు మెష్ తలుపులు తప్పవు, వానాకాలంలో పార్కింగ్‌లోకి కట్లపాము రావడం వింతేమీ కాదు. పాములు పట్టేవాళ్ల నంబరు మా వాచ్‌మన్ గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నాడు.

రాకపోకలు: బ్యారేజీ మీద భారీ వాహనాలను వదలరు. దసరాకు, వరదకు మనల్నీ వదలరు. అప్పుడు కనకదుర్గ వారధి చుట్టూ తిరిగి వెళ్లాలి. బ్యారేజీ ఏమో 1957లో కట్టిన వంతెన, రెండు వరుసలు, సాయంత్రం అంతా బైకులే. కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గరే కాబట్టి ప్యాసింజర్ రైళ్లకు సౌకర్యం. ముఖ్యమంత్రి ఎవరైనా ఇల్లు ఉండవల్లిలోనో తాడేపల్లిలోనో ఉంటుండటంతో కాన్వాయ్ పోయే వేళ రోడ్డు ఆపుతారు. రోడ్డు మాత్రం బాగా వేస్తారు. ఆసుపత్రులకు కొరత లేదు, మంగళగిరి ఎయిమ్స్ కూడా దగ్గరే.

కొనుగోలు కాగితాల దగ్గర మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది కట్ట లోపలి స్థలాలు. "రివర్ వ్యూ" అని బ్రోకర్లు ఊరిస్తారు. నదికీ కట్టకీ మధ్యనున్న జాగా వరద పారడానికి వదిలింది, దాన్ని కాపాడే చట్టం 1884 నాటిది. 2019 జూన్‌లో కట్ట లోపల సమావేశాల కోసం కట్టిన ప్రజావేదికను కూల్చేయడం ఇక్కడివాళ్లంతా చూశాం. ప్రభుత్వం కట్టినదానికే ఆ గతి పట్టినప్పుడు మన గెస్ట్‌హౌస్ ఎంత? రెండోది గుహల చుట్టుపక్కల. ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూసి బయటికొచ్చేసరికి ఎవరో ఒకరు ప్లాట్ కాగితాలు చేతిలో పెడతారు. మీటర్లు కొలవకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. మూడోది 22ఎ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా. సర్వే నంబరు అందులో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి, లింక్ డాక్యుమెంట్లన్నీ (పాత దస్తావేజులు) వరుసగా లాయరుకు చూపించండి. ఖాళీ స్థలమైతే సర్వేయర్‌తో కొలిపించి ఎఫ్‌ఎంబీతో (సర్వే శాఖ కొలతల పటం) సరిచూడండి. లంక గ్రామాల వైపు హద్దు రాళ్లు నడుస్తాయని మా ఊళ్లో ఊరికే అనలేదు.

స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం అవుతుంది. చాలామంది బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది మర్చిపోయి చివర్లో చేబదుళ్ల కోసం పరుగెడతారు. ధర 50 లక్షలో అంతకంటే ఎక్కువో అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టే బాధ్యత కొనేవాళ్లదే. ఫ్లాట్‌తో పాటు బిల్డింగ్ స్థలంలో మీకు వచ్చే అవిభక్త వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూడండి. చదరపు అడుగుల గురించి గంటసేపు బేరమాడేవాళ్లు ఈ ఒక్క అంకె అడగరు.

ధరల గురించి నా అభిప్రాయం అడిగితే, ఇది పెట్టుబడి కోసం వచ్చేవాళ్లకు బీపీ పెంచే చోటు. 2015లో రాజధాని శంకుస్థాపన అనగానే ధరలు ఎగిరాయి, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాటతో కూలాయి, 2024 ఎన్నికల తర్వాత మళ్లీ లేచాయి. అసెంబ్లీలో మాట మారితే మన గజం ధర మారుతుంది. ఉండటానికైతే కొనుక్కోండి. అంతకుముందు ఒక వానాకాలం అద్దెకుండి చూడండి, ఆ అద్దె వృథా కాదు.

ఇప్పుడు మాకూ బ్రోకర్ల ఫోన్లు ఎక్కువయ్యాయి, అమ్ముతారా అని. మా ఆవిడ అయితే ఆ మాట ఎత్తితేనే ఫోన్ పెట్టేస్తుంది. ప్రస్తుతానికి మా టెన్షన్ అంతా లిఫ్ట్ గొయ్యిలో మోటారు గురించే. ఈ వానలకు కొత్తది వేయించాలి, దాని కోసం మెయింటెనెన్స్ పెంచుదామంటే రెండో అంతస్తు బాబాయి గారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఆయన లిఫ్ట్ వాడరట.