వాన నీటిని ఎక్కడ దాచుకోవాలి: నేలలోనా, పంట కుంటలోనా, భూగర్భంలోనా? ఏది మేలు?

ఒక హెక్టారు పొలం మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే పది వేల లీటర్ల నీరు చేరినట్లు లెక్క. ఏడాదికి 500 మి.మీ. వర్షం పడే మెట్ట ప్రాంతంలో ఆ హెక్టారుకు 50 లక్షల లీటర్లు దక్కుతాయి. చిరుధాన్యపు పంట ఒకటి పూర్తిగా పండడానికి 300 నుంచి 400 మి.మీ. సరిపోతుంది కాబట్టి, ఏడాది మొత్తం మీద చూస్తే అక్కడ పంటకు నీరు చాలినట్లే కనిపిస్తుంది. అయినా పైర్లు ఎండుతున్నాయంటే ఆ వాన నాలుగైదు పెద్ద జల్లులుగా కురిసి, వాటి నడుమ రెండు మూడు వారాల బెట్ట రావడమే ప్రధాన కారణం. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందువల్ల భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ జల్లులు మరింత ఉధృతం కావడానికి, వాటి మధ్య ఎండ మరింత కాయడానికి అవకాశం పెరుగుతోంది. ఈ స్థితిలో మెట్ట రైతు పెట్టుబడి ముందుగా నీటి నిల్వ మీదికే వెళ్లాలి. ఆ నిల్వకు మూడు చోట్లు ఉన్నాయి: పొలంలోని మట్టి, పొలంలో తవ్విన కుంట, భూగర్భం.

వర్షపాతాన్ని, వాతావరణం ఆవిరి రూపంలో లాగివేయగల నీటితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.65 కన్నా తక్కువ ఉన్న ప్రాంతాలను మెట్ట భూములుగా పరిగణిస్తారు. ప్రపంచంలోని నేలలో దాదాపు 40 శాతం ఈ కోవలోకే వస్తుంది. ఇలాంటి చోట ఎంత నీరు పట్టుతుందన్న ప్రశ్న కన్నా, పట్టిన నీటిలో పైరు వేరుకు ఎంత అందుతుందన్న ప్రశ్నే ముఖ్యం.

ఆ కొలతతో చూసినప్పుడు మొదట నిలిచేది నేలే. లోతైన బంకమన్ను నేల ఒక మీటరు లోతులో 150 నుంచి 200 మి.మీ. వరకు మొక్కకు అందే తేమను పట్టి ఉంచుతుంది. ఇసుక నేల అదే లోతులో వంద మిల్లీమీటర్లయినా నిలపదు. ఎదిగిన పైరు రోజుకు 4 నుంచి 5 మి.మీ. నీటిని వాడుకుంటుందని అనుకుంటే, నిండుగా తడిసిన లోతైన నల్లరేగడి దాదాపు ఒక నెల బెట్టను తట్టుకోగలదని, ఒకటిన్నర అడుగుల లోతున్న ఎర్రనేల పది పన్నెండు రోజులకే చేతులెత్తేస్తుందని లెక్క తేలుతుంది. నేలలో దాగిన నీటిని తోడడానికి కరెంటు అక్కరలేదు, గొట్టం అక్కరలేదు, వేళ్లే ఆ నీటిని వెతుక్కుంటూ వెళ్తాయి. పై రెండు మూడు అంగుళాలు ఆరిపోయాక కింది పొరల్లోని తేమ అంత సులభంగా ఆవిరైపోదు. పంటల మధ్య గుంటక తోలి పైమట్టిని గుల్లగా ఉంచడంలోనూ, పైరు కోసిన తర్వాత మోళ్లను నేల మీదే వదలడంలోనూ ఉన్న కిటుకు ఇదే.

అయితే నీరు ముందు నేలలోకి దిగాలి. జోరు వాన ఎర్రనేల మీద పడగానే పైన పలుచని గట్టి పొర ఏర్పడి, నీరు ఇంకకుండా వాలు వెంట సారవంతమైన మట్టిని కూడా కొట్టుకుపోతుంది. వాలుకు అడ్డంగా దున్నడం, కొన్ని సాళ్లకొక గొడ్డు చాలు (విత్తనం వేయకుండా నీటి కోసం వదిలే లోతైన చాలు) తీయడం, చిన్న గట్లు వేయడం, గుంతలు తవ్వడం అన్నీ ఈ పరుగును ఆపడానికే. పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోకు చెందిన రైతు యాకూబా సవడోగో 1980ల నుంచి చేసిన పనిలో కొత్త యంత్రమేదీ లేదు. 'జాయ్' అని పిలిచే పాత పద్ధతి గుంతలను కాస్త పెద్దవి చేసి, వానలకు ముందే వాటిలో పశువుల ఎరువు వేశాడు. ఎరువు కోసం వచ్చిన చెదలు రాయిలా బిగిసిన నేలలో సొరంగాలు తొలిచి వాన నీటికి దారి చేశాయి. బీడుపడిన నేలలో జొన్న, సజ్జ పండాయి, తర్వాత చెట్లూ పెరిగాయి. 2018లో అతనికి రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది. హెక్టారుకు కొన్ని వందల గంటల శ్రమ పట్టడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం. వేసవిలో వేరే పని లేని కుటుంబానికి అది సాధ్యమే గాని, కూలీలను పెట్టి చేయించవలసిన రైతుకు భారమే అవుతుంది.

నల్లరేగడి విషయంలో పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో 1976 నుంచి సాగుతున్న ప్రయోగం చెప్పుకోదగినది. అక్కడ వానాకాలమంతా బీడుగా ఉంచి తర్వాత ఒకే పంట వేసే పాత పద్ధతిలో హెక్టారుకు సగటున టన్నుకు కాస్త పైగా దిగుబడి వస్తే, వెడల్పాటి మడులు, కాలువలు తీసి, ఎరువులు వేసి, అంతర పంటతోనో, ఒకదాని తర్వాత ఒకటిగా వేసే రెండు పంటలతోనో సాగు చేసిన చోట ఏడాదికి దాదాపు 5 టన్నులు వచ్చింది. వర్షం రెండింటికీ ఒకటే. వ్యత్యాసమంతా నీటి నిల్వదేనని చెప్పడం మాత్రం అతిశయోక్తి, ఎందుకంటే ఎరువు, మెరుగైన విత్తనం కూడా ఇందులో పాలుపంచుకున్నాయి.

సేంద్రియ కర్బనం గురించి కూడా ఇలాంటి అతిశయోక్తే ప్రచారంలో ఉంది. అది ఒక శాతం పెరిగితే నేల స్పంజిలా మారిపోయి లక్షల లీటర్లు పట్టేస్తుందని చెబుతుంటారు. 2018లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ ప్రకారం ఒక శాతం పెరుగుదలతో పది సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీరు పెరిగేది ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మాత్రమే. సేంద్రియ పదార్థం వల్ల నాకు కనిపించే అసలు మేలు వేరే ఉంది: మట్టి కణాలు గుంపులుగా నిలిచి, పైపొర గట్టిపడక, వాన నీరు త్వరగా లోపలికి దిగుతుంది. ఇంతకీ ఆ సేంద్రియ పదార్థం ఎక్కడిది? పశువులున్న ఇంట చొప్ప మేతకే చాలదు, నేల మీద కప్పడానికి మిగలడం అరుదు.

ఇక పంట కుంట. నేల లోతు తక్కువై, ఎంత మంచి వాన పడినా తేమ పది రోజులకు మించి నిలవని చోట దీని విలువ తెలుస్తుంది. పైన 20 మీటర్ల పొడవు, అంతే వెడల్పుతో, 3 మీటర్ల లోతున ఏటవాలు గోడలతో తవ్విన కుంటలో సుమారు 750 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. రోజుకు 6 మి.మీ. చొప్పున రెండు నెలల్లో ఆవిరయ్యేది దాదాపు ఐదో వంతు. అడుగున ఇంకిపోయేది దీనికి అదనం, నీరు ఇంకకుండా ప్లాస్టిక్ పరుపు వేయని ఎర్రనేల కుంటలో అదే పెద్ద నష్టం. ఆవిరి పోను మిగిలినది హెక్టారుకు 60 మి.మీ., అంటే రెండు వారాల ప్రాణం. తక్కువే అనిపించినా పూత దశలోనో గింజ పాలుపోసుకునే దశలోనో అందిన ఆ ఒక్క తడి పంటకూ పశుగ్రాసానికీ మధ్య తేడాను నిర్ణయిస్తుంది. సిరియాలోని అలెప్పో దగ్గర మెట్ట ప్రాంతాల అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇకార్డా శాస్త్రవేత్తలు గోధుమ మీద జరిపిన పరిశోధనలు ఇదే చూపాయి: వర్షాధార పైరుకు కీలక దశలో ఇచ్చిన ప్రతి ఘనపు మీటరు నీరు రెండు కిలోలకు పైగా గింజను ఇవ్వగా, పూర్తి నీటిపారుదల కింద అదే నీటికి కిలో కూడా రాలేదు.

కుంటకు రెండు షరతులున్నాయి. పొలం నుంచి నీరు పారి రావాలి. లోతైన ఇసుక నేలలో పడిన వాన పడినట్లే ఇంకిపోతే కుంట ఖాళీగానే ఉంటుంది. రెండోది, కుంట వాన నీటితోనే నిండాలి. మహారాష్ట్రలో ప్లాస్టిక్ పరుపు వేసిన పెద్ద కుంటలను చాలాచోట్ల బోర్ల నుంచి తోడిన నీటితో నింపి వేసవిలో పండ్ల తోటలకు వాడారు. భూమి కింద ఆవిరి కాకుండా భద్రంగా ఉన్న ఉమ్మడి నీటిని పైకి తెచ్చి ఎండకు ఆరబెట్టడాన్ని కరవు నివారణ అని పిలవలేము.

భూగర్భ జలానికి ఉన్న గొప్ప సుగుణం కూడా అదే: ఆవిరి నష్టం దాదాపు ఉండదు, ఒక ఏడాది వాన మరో ఏడాదికి పనికొస్తుంది. గట్టి రాతి ప్రాంతాల్లో మాత్రం ఆ నిల్వ గది చాలా చిన్నది. శిథిల శిలల్లో నీరు నిలిచే ఖాళీ రెండు శాతమే అనుకుంటే, 10 మి.మీ. నీరు ఇంకగానే మట్టం అర మీటరు పెరుగుతుంది, అంతే నీరు తోడగానే అర మీటరు పడిపోతుంది. పైగా అది ఎవరి పొలం కిందా ఆగదు. ఒకరు పొదుపు చేసిన నీటిని పక్క బోరు లాగేస్తుంది. డ్రిప్ పెడితే సమస్య తీరుతుందన్న వాదనతో నేను ఏకీభవించను. మిగిలిన నీటితో అదనపు విస్తీర్ణం సాగు చేస్తే మొత్తం వాడకం తగ్గదని అనేక దేశాల అనుభవం చెబుతోంది. మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామం నిలదొక్కుకున్నది పరికరాలతో కన్నా కట్టుబాటుతో: సాగుకు బోర్లు వేయడం, చెరకు, అరటి పండించడం మానుకుని, ఏటా వానను బట్టి నీటి లెక్క వేసుకుని పంటలు నిర్ణయించుకున్నారు. ఊరంతా అలా ఒక మాట మీద నిలబడలేని చోట, ఒక్క రైతు కొత్త బోరు మీద అప్పు చేయడం మూడింటిలోనూ అత్యంత ప్రమాదకరమైన ఎంపిక.

నా తీర్పు నేల లోతును బట్టి మారుతుంది. మీటరు లోతున్న బంకమన్ను నేలలో డబ్బంతా మడులు, కాలువలు, మురుగు పోయే దారి మీద పెట్టడం మేలు, అక్కడ కుంట రెండో మాట. అడుగున్నర ఎర్రనేలలో వాలుకు అడ్డంగా సాగు చేస్తూనే కుంట తవ్వుకోవడం తప్పనిసరి. లోతైన ఇసుక నేలలో కుంటా నిండదు, తేమా నిలవదు కాబట్టి అక్కడ పంట కాలాన్నే కుదించుకోవాలి. దాదాపు 65 రోజుల్లో కోతకు వచ్చే హెచ్‌హెచ్‌బీ 67 వంటి సజ్జ రకాలు ఇలాంటి నేలలకే తగినవి.

కౌలు రైతుకు ఈ లెక్క కొంత తప్పుతుంది. ఏడాది ఒప్పందం మీద సాగు చేసేవాడు గట్లు పోసి, కుంట తవ్వితే దాని ఫలం యజమానికో తర్వాత వచ్చే కౌలుదారుకో చేరుతుంది. అతనికి ఆ సీజన్‌లోనే ఖర్చు తిరిగి వచ్చే పనులే మేలు: అడ్డంగా విత్తడం, గొడ్డు చాళ్లు తీయడం, కలుపుతో పాటు పైపొరను విరిచే అంతరకృషి. కుంట వేయాలంటే కనీసం ఐదారేళ్ల కౌలు కాగితం ముందు చేతికి రావాలి.