లిథియం ప్యాక్ సొంతంగా కట్టుకోవాలా, రెడీమేడ్ కొనాలా?

దేవరకొండలో నాకు ఒక చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది. కరెంటు మరీ అంతగా పోదు, కానీ పోయినప్పుడు మాత్రం సరిగ్గా ఎవరో అప్లికేషన్ మొత్తం నింపి ఓటీపీ కోసం చూస్తున్నప్పుడే పోతుంది. నాలుగేళ్ల కింద ఇన్వర్టర్‌కు కొన్న ట్యూబులర్ బ్యాటరీ, అంటే లెడ్ యాసిడ్‌లో ఒక రకం, మొన్న ఎండాకాలం చేతులెత్తేసింది, అరగంట కాగానే ఇన్వర్టర్ కూతపెట్టడం మొదలు. మళ్లీ అదే కొనాలా, లిథియంకు మారాలా, లిథియం అయితే రెడీమేడ్ తేవాలా లేక సెల్లు తెచ్చి నేనే కట్టుకోవాలా అని నెల రోజులు కాగితం మీద లెక్కలు వేసి, చివరికి కట్టుకున్నాను. కట్టిన పైసలన్నీ నోటుబుక్కులో రాసి పెట్టాను కాబట్టి ఈ మాట లెక్కతోనే చెప్తున్నా.

ముందు లెడ్ యాసిడ్ సంగతి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ నాకు 15,500 చెప్పారు, పాతది ఇస్తే కొంత తగ్గుతుంది. వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే కాగితం మీద అది 1,800 వాట్ అవర్లు. కానీ రోజూ అడుగంటా వాడితే తొందరగా చస్తుంది, ఎక్కువ కాలం నడవాలంటే సగం దగ్గర ఆగాలి, అంటే చేతికొచ్చేది 900. పైగా 50 కిలోల పైనే బరువు, నెలకోసారి బ్యాటరీ నీళ్లు చూసుకోవాలి, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి గీకాలి. ఎల్‌ఎఫ్‌పీ రకం లిథియం, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టుల 100 ఏహెచ్ తీసుకుంటే కాగితం మీద 1,280 మాత్రమే, కానీ అందులో 80 నుంచి 90 శాతం దాకా భయం లేకుండా వాడొచ్చు. అంటే వెయ్యి దాటుతుంది. ఏహెచ్ తక్కువ ఉందని చాలామంది ఇక్కడే మోసపోయామనుకుంటారు, నిజానికి చేతికొచ్చే కరెంటు దీంట్లోనే ఎక్కువ. సరిగ్గా వాడితే రెండు మూడు వేల సార్లు నింపి ఖాళీ చేయొచ్చు కూడా.

ఇప్పుడు అసలు పోటీ. వారంటీతో ఉన్న రెడీమేడ్ ప్యాక్ నాకు 27,000కు వచ్చేది. నేను కట్టిన దానికి సెల్లు నాలుగు, ఒక్కోటి 4,300 చొప్పున 17,200. సెల్లను కనిపెట్టుకుని ఉండి, తేడా వస్తే కరెంటు ఆపేసే బోర్డు, అంటే బీఎంఎస్, 100 ఆంపియర్లది 1,900. డబ్బా, మందపాటి కేబుల్, కేబుల్ కొసలకు నొక్కే లగ్గులు, ఫ్యూజు కలిపి 1,300. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి రావడం, టీలు, ఆటో 600. మొత్తం 21,000. ఆరు వేలు మిగిలాయని ఇంట్లో గొప్పగా చెప్పాను.

తర్వాత మిగతా లెక్క వచ్చింది. నాలుగు సెల్లను ప్యాక్‌గా కలిపే ముందు అన్నిటినీ ఒకే మట్టానికి, 3.65 వోల్టులకు, నింపాలి, లేకపోతే ఒకటి ముందే నిండిపోయి మిగతావి సగంలో ఉండగానే బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేస్తుంది. దానికి వోల్టేజీ సెట్ చేసుకునే ఛార్జర్ కావాలి, 2,400. లగ్గులు నొక్కే పనిముట్టు 900. ఇక మూడోది నా తెలివి. బీఎంఎస్‌కు ఐదు సన్నటి వైర్లు ఉంటాయి, నెగటివ్ నుంచి మొదలుపెట్టి ఒక్కో సెల్లు దగ్గర ఒక్కోటి వరసగా పెట్టాలి. ప్లగ్గు గుచ్చే ముందు మల్టీమీటర్‌తో పట్టుకుంటే 3.3, 6.6, 9.9, 13.2 అని మెట్లెక్కినట్టు రావాలి. నేను చూడలేదు. రెండు వైర్లు తారుమారయ్యాయి, ప్లగ్గు గుచ్చగానే చిటుక్కుమని చిన్న చప్పుడు, ఆ వెనకే మాడిన వాసన. ఇంకో 1,900. మొత్తం 5,200 పోతే ఆరు వేలలో మిగిలింది 800. రెండు ఆదివారాల కూలీ ఇందులో కలపలేదు, కలిపితే రెడీమేడే కొనమన్న మా ఆవిడ మాటే నిజమవుతుంది.

అయితే ఇక్కడ ఒక మాట. ఆ ఛార్జరు, ఆ పనిముట్టు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి, వైర్ల వరస ఇక జన్మలో మర్చిపోను. రెండో ప్యాక్ కడితే ఆరు వేలకు ఆరు వేలూ మిగులుతాయి. ఒక్కటే కట్టేవాడికి పెద్దగా ఏమీ మిగలదు. మొబైల్ రిపేరో, మోటారు వైండింగో చేసేవాళ్లకు మీటరు, సామాను, చేతి వాటం ముందే ఉంటాయి కాబట్టి వాళ్లకు మొదటి రోజు నుంచే లాభం.

వారంటీని మాత్రం తక్కువగా చూడొద్దు. విడి సెల్లు బిల్లు లేకుండా కొంటే, ఆరు నెలలకు ఒకటి పడిపోయిందనుకోండి, 4,300 మన జేబులోంచే పోతాయి, అంతటితో మిగులు గల్లంతు. రెడీమేడ్‌లో ఆ టెన్షన్ షాపువాడిది. కానీ రెడీమేడ్ అన్నీ ఒకటి కాదు. చాలా ప్యాకులకు డబ్బా మూత అతికించేస్తారు, లోపల ఏ సెల్లు పెట్టాడో, బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లదో తెలియదు. నా షాపులో లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా 800 వాట్ల దాకా లాగుతుంది, 12.8 వోల్టుల దగ్గర అది అరవై ఆంపియర్లు దాటుతుంది. 50 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న ప్యాక్ అయితే ప్రింట్ కొట్టినప్పుడల్లా కట్ అయ్యే ప్రమాదం ఉంది, మనమేమో బ్యాటరీ పాడైందనుకుంటాం. సొంతంగా కడితే మన లోడుకు తగ్గ బీఎంఎస్ మనమే పెట్టుకుంటాం. పైసల కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

ఇన్వర్టర్ పాతదే ఉంచేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ట్యూబులర్ సెట్టింగ్‌లో కొన్ని ఇన్వర్టర్లు 14.6 వోల్టులు దాటించి తోస్తాయి, ఎల్‌ఎఫ్‌పీకి అదే ఆఖరి గీత. వెనక స్విచ్ ఉంటే ఎస్‌ఎంఎఫ్‌లో, అంటే నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీ సెట్టింగ్‌లో, పెట్టండి, అదీ మీటరుతో కొలిచాకే. ఇన్వర్టర్ మీద చూపించే బ్యాటరీ గీతలను కూడా నమ్మొద్దు. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకే మట్టంలో ఉండి, అయిపోయే ముందు టపీమని పడిపోతుంది.

ఇక చిన్న ప్యాకుల దగ్గరికి వస్తే లెక్క తలకిందులు. మా బావకు చింతపల్లి వైపు నాలుగెకరాల పత్తి ఉంది, మందు కొట్టే ఛార్జింగ్ పంపులో 8 ఏహెచ్ లెడ్ బ్యాటరీ ఉండేది, రెండున్నర కిలోల దాకా బరువు, రెండో సీజన్‌కే డ్రమ్ము సగం కొట్టేసరికి చాలించేది. దానికి 12 ఏహెచ్ లిథియం షాపులో 2,200. నేను కట్టి ఇస్తానంటే బావ నన్ను ఎగాదిగా చూసి, "వీపు మీద పెట్టుకునేది బామ్మర్దీ, పేలదు గదా?" అన్నాడు. 32700 సైజు ఎల్‌ఎఫ్‌పీ సెల్లు ఎనిమిది, ఒక్కోటి 210 చొప్పున 1,680. చిన్న బీఎంఎస్ 250, నికెల్ పట్టీ, పైన వేసే ష్రింక్ తొడుగు 150. మొత్తం 2,080. మిగిలింది 120 రూపాయలు. స్పాట్ వెల్డింగ్ మిషన్ మిత్రుడిది అడుక్కున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నష్టమే. సోల్డరింగ్ ఐరన్‌తో అతికిద్దామని మాత్రం చూడొద్దు, ఆ వేడికి సెల్లు లోపల దెబ్బతింటుంది. పంపుకు రెడీమేడే మేలు, ఆలోచించేది లేదు. ఒక్క జాగ్రత్త, షాపుల్లో దొరికే పంపు ప్యాకుల్లో ఎల్‌ఎఫ్‌పీ కాని వేరే లిథియం రకం, మూడు సెల్ల వరసవి కూడా ఉంటాయి, వాటి పూర్తి ఛార్జింగ్ 12.6 వోల్టులే. పాత లెడ్ బ్యాటరీ ఛార్జర్ 14 దాటిస్తుంది. దానితో వచ్చిన ఛార్జరే వాడాలి.

చవకగా వస్తాయని పాత లాప్‌టాప్ సెల్లు, పేరు తెలియని 18650 సైజు చిన్న గుండ్రటి సెల్లు తెచ్చేవాళ్లున్నారు. నేనూ తెచ్చాను, మీద 9,900 ఎంఏహెచ్ అని ఎర్రగా రాసి ఉంది. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లే 3,500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. పక్కన బంగారం దుకాణంలో త్రాసు మీద పెడితే 31 గ్రాములు తూగింది, అసలు సెల్లు 45 గ్రాముల పైన ఉండాలి. సేటు నవ్వి "ఇది రోల్డ్ గోల్డ్" అన్నాడు.

సెల్లు ఇప్పటికీ ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా గిగా ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగినప్పుడు, 9,500 కోట్ల పెట్టుబడి అని చదివి, ఇక మన దగ్గరే సెల్లు కొనుక్కోవచ్చని నేను సంబరపడ్డాను. అక్కడ తయారైన సెల్లు విడిగా, బిల్లుతో కోఠిలో దొరికే రోజు వస్తే నా నోటుబుక్కు లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే.

ఎలక్ట్రిక్ స్కూటర్ ప్యాక్ గురించి అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి అదీ చెప్తాను. 60 వోల్టుల 30 ఏహెచ్ ప్యాక్ చిన్న సెల్లతో కట్టాలంటే పదిహేడు వరసలు, వరసకు పన్నెండు, మొత్తం 204 సెల్లు. ఒక్క అతుకు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, గుంతల రోడ్ల మీద అది ఇంకా వదులవుతుంది, పైన మన నల్లగొండ ఎండ ఉండనే ఉంది. 2022లో స్కూటర్లు వరసగా తగలబడ్డాకనే కదా ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలు గట్టిగా బిగించింది. పెద్ద కంపెనీలకే చేతకాక ఇబ్బంది పడ్డ పనిని, మంచం కింద ఛార్జింగ్ పెట్టుకునే బండికి నేను చేయను. ఎంత మిగిలినా సరే. నా ఇన్వర్టర్ ప్యాక్ గోడ పక్కన, రేకులకు దూరంగా, ఫ్యూజు కనబడేటట్టు ఉంది, అది వేరే సంగతి.

పంపు బాగా నడిచేసరికి బావకు ధైర్యం వచ్చింది. లెడ్ బ్యాటరీలు పోయిన పాత స్కూటర్ ఒకటి తెచ్చి షాపు ముందు పెట్టి, "దీనికి గూడ కట్టు" అన్నాడు. రెడీమేడ్ ధర రాసి చీటీ చేతిలో పెట్టాను. చీటీ జేబులో పెట్టుకుని పోయాడు, బండి మాత్రం ఇంకా షాపు ముందే ఉంది.