వారానికో మ్యూజిక్ పీరియడా, రోజూ ఎనిమిది నిమిషాల పాటా?

ఏటా జూన్‌లో మా స్కూల్లో ఇదే చర్చ. మ్యూజిక్ సార్‌ని పెట్టి వారానికి 40 నిమిషాల పీరియడ్ ఇవ్వాలా, క్లాస్ టీచర్లమే రోజూ కాసేపు పాడించాలా? రెండో తరగతికి చెప్తాను కాబట్టి రెండూ చేసి చూశాను.

సార్ వస్తే శ్రుతి కుదురుతుంది. మేమేమో మా గొంతుకు వీలుగా కింద ఎత్తుకుంటాం. పిల్లల గొంతు అంత కిందికి దిగదు, గొణుగుతారు. పాడటానికి సిగ్గేమో అనుకునేదాన్ని. సార్ హార్మోనియం మీద నాలుగు మెట్లు పైకి జరిపేసరికి అదే పిల్లలు కిటికీలు అదరగొట్టారు.

కానీ మా పీరియడ్ శనివారం పడింది. రెండో శనివారం సెలవు. తర్వాత బతుకమ్మ, దసరా సెలవులు. యూనిట్ టెస్టులొస్తే ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది (నేనూ తీసుకున్నాను, దాచడమెందుకు!). మళ్లీ సార్ వచ్చేసరికి పిల్లలకు పల్లవి కూడా గుర్తుండదు.

రోజుకు ఎనిమిది నిమిషాలంటే ఆరు రోజులకు 48. హాజరుతోనే మొదలెడతాను. పేరు ‘స’లో పిలుస్తాను, వాళ్లు ‘ప’లో “ఉన్నాను టీచర్” అంటారు. పక్కవాడు రాకపోతే ఒకడు అదే రాగంలో “రాలేదు టీచర్... జ్వరం టీచర్” అని అందుకుంటాడు. అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే వేళ ఆది తాళం: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. దాని మీద రెండో ఎక్కం. ఒకడు బొటనవేలితో మొదలెట్టి ఎక్కడో చిక్కుకుంటాడు గానీ “రెండు రెళ్లు నాలుగు” మాత్రం తప్పడు.

పాటలకూ కొరత లేదు. ఒకరి అమ్మమ్మ నుంచి ఉయ్యాల పాట వచ్చింది. ఇంకో పాప వాళ్ల నానీ పెళ్లిళ్లలో పాడే ఢోలక్ గీత్ తెచ్చింది. దక్కనీ ఉర్దూ మాటలు సగం మందికి తెలియవు, అయినా బెంచీల మీద దరువు అందరిదీ ఒకటే.

బ్లూటూత్ స్పీకర్ చాలంటారు కొందరు. అసెంబ్లీలో దాంట్లో జనగణమన పెడితే సరిగ్గా 52 సెకన్లకు అయిపోతుంది, సగం మంది పెదవే కదపరు.

నా ఓటు రోజూ పాటకే. అలాగని సార్ అక్కర్లేదనను. శ్రుతి ఎక్కడ ఎత్తుకోవాలో ముందు మాకే నేర్పాలి. మా హైదరాబాద్ రాంకోటిలోని త్యాగరాజ సంగీత కళాశాలలో చదివినవాళ్లు ఊళ్లోనే దొరుకుతారు. నెలకో సాయంత్రం టీచర్లకు క్లాసు చెప్పించండని ఈ జూన్‌లో అడిగాను. హెడ్‌మాస్టర్ సరేనన్నారు. ఖాళీ అయిన శనివారం పీరియడ్‌ని లెక్కల మేడమ్ ఆ మీటింగ్‌లోనే అడిగేసుకున్నారు.