రాత్రి పదే పదే లేచే పసిపాప: పాలా, ఉయ్యాలా, ఏడవనివ్వడమా, వంతులా... ఏది మేలు?

పాప రాత్రికి నాలుగైదు సార్లు లేస్తోందని తెలిస్తే చాలు, తలా ఒక మాట చెప్తారు. అమ్మమ్మ ఉయ్యాల కట్టమంటుంది. నాయనమ్మ పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టి చూడమంటుంది. అమెరికాలో ఉన్న ఆడపడుచు వీడియో కాల్‌లో "కాసేపు ఏడవనివ్వు వదినా, తనే పడుకుంటుంది" అంటుంది. ఎవరూ పాపకి ఎన్నో నెల అని అడగరు. రెండో నెల పాపకి చెప్పే సలహా వేరు, ఎనిమిదో నెల పాపకి చెప్పేది వేరు, అది తేలకుండా ఏది మేలు అన్న చర్చే అనవసరం.

మొదటి మూడు నెలల సంగతి చూద్దాం. పుట్టిన బిడ్డకి రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు కావాలి, అందులో కొన్ని రాత్రే పడతాయి. రాత్రి ఏదో పగలు ఏదో ఆ ఒంటికి తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఈ వయసులో పాపని మార్చే పద్ధతి ఏదీ లేదు, వెతకొద్దు. పగలు వెలుతురులో ఉంచడం, రాత్రి లైటు తగ్గించి మాటలు తగ్గించడం, అంతే. ఇంకొకటి మాత్రం చేయొచ్చు: కదిలిన వెంటనే ఎత్తుకోకండి. పసిపిల్లలు నిద్రలోనే మూలుగుతారు, కాళ్లు ఆడిస్తారు, ముఖం చిట్లిస్తారు, ఒక్కోసారి చిన్నగా ఏడుస్తారు కూడా. కొద్ది క్షణాలు ఆగి చూస్తే చాలాసార్లు మళ్లీ సర్దుకుంటారు, మనం తొందరపడి ఎత్తుకుంటేనే పూర్తిగా లేస్తారు.

ఈ దశలో నిజంగా పనిచేసేది ఒక్కటే, రాత్రిని పంచుకోవడం. నా ఉద్దేశంలో ఈ నాలుగింటిలో అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది ఇదే, మన ఇళ్లలో అన్నిటికన్నా ఆలస్యంగా గుర్తొచ్చేదీ ఇదే. తల్లి పాలిస్తోంది కాబట్టి రాత్రి డ్యూటీ మొత్తం తల్లిదే అని ఎవరూ చెప్పకుండానే నిర్ణయమైపోతుంది. కానీ పాలివ్వడానికి పట్టే సమయం కంటే ఆ తర్వాతి పనికే ఎక్కువ టైం పోతుంది. డైపర్ మార్చాలి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు తట్టాలి, జోకొట్టాలి, పక్క మీద పెట్టగానే లేస్తే మళ్లీ ఎత్తుకోవాలి. ఇవన్నీ తండ్రి చేయొచ్చు, పుట్టింట్లో ఉంటే అమ్మ చేయొచ్చు. తల్లి పడుకునే పాలిచ్చి, బిడ్డని అందించేసి అటు తిరిగి పడుకోగలిగితే ఆ రాత్రి వేరేలా ఉంటుంది.

కాన్పైన మొదటి వారాల్లో రాత్రి పాలు మానేయకండి, పాలు పడటానికి కావాల్సిన హార్మోను రాత్రి పూటే ఎక్కువగా ఉంటుంది. పాలు బాగా పడ్డాక మాత్రం తీసిపెట్టిన పాలతో ఒక ఫీడ్ వేరేవాళ్లు పట్టొచ్చు. తీసిన పాలు 25 డిగ్రీలు దాటని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, మన ఎండాకాలంలో మాత్రం నేరుగా ఫ్రిజ్‌లోకే. సీసా వద్దనుకుంటే ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. అసలు లక్ష్యం ఏంటంటే ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ నాలుగైదు గంటల నిద్ర ఒక్క ముక్కలో దొరకడం. గంటకోసారి తెగే ఎనిమిది గంటల కంటే అది ఎంతో నయం. ఆయనకి పొద్దున్నే ఆఫీసు కదా అంటారు. నిజమే, ప్రైవేటు ఉద్యోగాల్లో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులు ఉంది. ఆయన తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా చూసుకుని పడుకుంటే ఆఫీసుకి వెళ్లగలరు. ఉద్యోగం చేసే తల్లికి ఉన్న 26 వారాల సెలవు బిడ్డని చూసుకోవడానికీ, తన ఒళ్లు కోలుకోవడానికీ, నిద్ర లేకుండా గడిపే పరీక్షలా దాన్ని చూడొద్దు.

నాలుగో నెల దగ్గర కథ మారుతుంది. అప్పటిదాకా బాగానే పడుకున్న పాప హఠాత్తుగా గంట గంటకీ లేస్తుంది, దిష్టి తగిలిందంటారు. దిష్టి తీస్తే తీయండి, నష్టం లేదు, కానీ జరిగేది ఇది: పిల్లల నిద్ర పెద్దవాళ్ల నిద్రలా దశలు దశలుగా మారడం మొదలవుతుంది. ఒక్కో దఫా ఇంచుమించు 50, 60 నిమిషాలు, దాని చివర పల్చటి మెలకువ. ఆ మెలకువలో, తను పడుకునేటప్పుడు ఉన్నదేదో ఇప్పుడు లేదని తెలిస్తే పిలుస్తుంది. రొమ్ము నోట్లో ఉండగా పడుకుంటే రొమ్ము కోసం, ఉయ్యాల ఊగుతుండగా పడుకుంటే ఊపు కోసం. పాలా, ఉయ్యాలా అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

పాలిచ్చి పడుకోబెట్టడం వల్ల లాభం, అది వెంటనే పనిచేస్తుంది, ఎవరూ లేచి తిరగక్కర్లేదు, ఆరు నెలల్లోపు ఆకలి కూడా నిజమే కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇబ్బందల్లా తల్లి ఒక్కతే అందుకు పనికొస్తుంది. పాలిస్తూ సోఫాలో నిద్రపోవడం మాత్రం చాలా ప్రమాదం, బిడ్డ మెత్తల మధ్య ఇరుక్కుని ఊపిరాడకపోవచ్చు. కునుకు వస్తోందంటే మంచమే నయం. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కనీసం ఆరు నెలలు ఒకే గదిలో, కానీ వేరే పక్క మీద, వెల్లకిలా పడుకోబెట్టమంటుంది. మనవాళ్లలో చాలామంది పక్కలోనే వేసుకుంటారు, అలాగైతే గట్టి పరుపు ఉండాలి, బిడ్డ దగ్గర దిండ్లు, దుప్పట్లు ఉండకూడదు, పొగతాగేవాళ్లు, మందు తాగినవాళ్లు ఆ పక్క మీద ఉండనే కూడదు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని పక్కలో వేసుకోకూడదు. ఇక డబ్బా పాలు పడితే రాత్రంతా పడుకుంటారన్నది నమ్మకమే తప్ప గ్యారంటీ లేదు. పైగా సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతే వచ్చే పళ్లు పుచ్చుతాయి.

ఉయ్యాల పగటి కునుక్కి, ఎవరో ఒకరు పక్కనే మెలకువగా ఉన్నప్పుడు మంచిదే. రాత్రికి నేను వద్దంటాను. చీర ఉయ్యాలలో నడుము వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, పసిబిడ్డకి ఊపిరి దారి సన్నబడుతుంది, గుడ్డ ముఖం మీదకి వస్తే తోసుకోవడం రాదు. బోర్లా పడే వయసొస్తే పడిపోయే భయం అదనం. అన్నీ బాగున్నా కూడా తాడు చేతిలో పట్టుకుని నిద్రపోయే తల్లి నిద్ర నిద్రే కాదు, చెయ్యి ఆగిన కాసేపటికి పాప లేస్తుంది. స్ప్రింగు ఉయ్యాలకి మోటారు పెట్టించినా అలవాటు అదే, కరెంటు పోతే మళ్లీ మొదటికే.

ఏడవనివ్వడం అనేది బోస్టన్ డాక్టర్ ఫెర్బర్ పేరుతో 1985 నుంచి ప్రచారంలో ఉంది. నిద్రమత్తులో ఉండగా, ఇంకా పూర్తిగా పడుకోకముందే పక్క మీద పెట్టి బయటికి రావాలి, కొన్ని నిమిషాల తేడాతో వెళ్లి ఓదార్చాలి, ఎత్తుకోకూడదు, తేడా మెల్లగా పెంచాలి. ఆరు నెలలు దాటాకే ఇది ఆలోచించాలి. ఆస్ట్రేలియాలో ఏడో నెలలో నిద్ర సమస్య ఉన్న పిల్లల తల్లిదండ్రులకి నిద్ర అలవాటు చేసే మెత్తటి పద్ధతులు నేర్పి, ఆరేళ్ల వయసులో ఆ పిల్లల్ని మళ్లీ చూశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పిల్లల మనసుకి హాని లేదు, అలాగని ఆ వయసుకి ప్రత్యేకమైన లాభమూ మిగల్లేదు. అంటే చేసినవాళ్లు రాక్షసులు కాదు, చేయనివాళ్లు పిల్లల్ని పాడుచేస్తున్నట్టూ కాదు.

మన అపార్టుమెంట్లలో, ఒకే బెడ్‌రూమ్‌లో అందరూ పడుకునే ఇళ్లలో, పక్క గదిలో నాయనమ్మ ఉండగా పాపని ఒంటరిగా ఏడవనివ్వడం ఎవరికీ సాధ్యం కాదు. సగంలో వదిలేయడం మరీ చెడ్డది, పావుగంట ఏడ్చాక ఎత్తుకుంటే పావుగంట ఏడవాలని పాపకి అర్థమవుతుంది. అందుకే ఆరు నెలలు దాటిన పాపకి మధ్యస్థంగా ఉండే దారే నాకు నచ్చుతుంది. సాయంత్రం లాల పోశాక ముందు పాలు, ఆ తర్వాత జోల, అంటే పాలు నిద్రకి ఆఖరి మెట్టు కాకుండా చూడాలి. కళ్లు బరువెక్కగానే పక్క మీద పెట్టి జోకొట్టండి. ఏడిస్తే పక్కనే కూర్చుని చెయ్యి వేయండి, మరీ ఏడిస్తే ఎత్తుకుని శాంతించాక మళ్లీ పడుకోబెట్టండి. కొన్నాళ్లకి జోకొట్టడం తగ్గించి చెయ్యి మాత్రమే, ఆ తర్వాత పక్కన కూర్చోవడం మాత్రమే. మొదట తొలి నిద్రకే ఇది చేయండి, తెల్లవారుజామున మూడింటికి ఎవరికీ ఓపిక ఉండదు. వారాలు పడుతుంది, కానీ పక్కన మనిషి ఉంటారు కాబట్టి ఇంట్లో గొడవలు రావు. ఈ పని తండ్రి చేస్తే ఇంకా తేలిక, పాల వాసన ఉండదు. జ్వరం, పళ్లు, ప్రయాణం, ఎనిమిది తొమ్మిది నెలల్లో తల్లి కనబడకపోతే భయపడే దశ, ఇవి వచ్చినప్పుడు అన్నీ వెనక్కి వెళ్తాయి, టెన్షన్ పడకండి, మళ్లీ మొదలుపెట్టొచ్చు.

దగ్గు సిరప్‌లు, నిద్ర కోసం ఇచ్చే ఏ మందూ వద్దు. జలుబుకి వాడే ఒక మిశ్రమ మందుని నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని మన దేశంలోనే 2023లో హెచ్చరిక ముద్రించమన్నారు. ఏడాదిలోపు తేనె నాకించొద్దు. ఆరు నెలల్లోపు కడుపు నిండుతుందని జావ పట్టొద్దు. మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 జ్వరం ఉంటే, ఏ వయసులోనైనా బరువు పెరగకపోతే, గురక పెడుతుంటే అది నిద్ర సమస్య అనుకోకుండా డాక్టరుకి చూపించండి.

పాప పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి అయినా 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేయమని ఆమెకి చెప్పి ఊరుకోకండి, నంబరు కలిపి చేతికివ్వండి, అంతసేపూ పాపని మీరు ఎత్తుకోండి.